నూట యాభై నాలుగు

నూట అరవై అంట. ఇంక నూట యాభై కాదంట, నూట అరవై అంట. ఎవడికి పుట్టిందో ఈ బుద్ధి, ఏ ఏసీ గదిలో బిస్కట్లు నములుతూండగా పుట్టిందో గానీ, మేం పరీక్ష రాసి ముప్ఫై ఎనిమిది రోజులయ్యాక, సరైన జవాబుల కాగితం వాళ్ళే బయట పెట్టాక, నేను దాంతో మూడుసార్లు సరిచూసుకుని మూడుసార్లూ నూట యాభై నాలుగే వచ్చి, ఆ ముక్క ఇంట్లో చెప్పి, మా అమ్మ కనకం మా లైన్లో ఉన్న పదహారు క్వార్టర్లకీ రవ్వలడ్డూలు పంచీసాక, ఇవాళ పొద్దున్న తొమ్మిదీ నలభైకి తాపీగా ఒక నోటీసు వదిలారు. శ్వేత పంపింది నా ఫోనుకి. బిష్కెక్‌లో ఆరేళ్ళు నాతో ఒకే గదిలో ఉన్న పిల్ల, ఇప్పుడు రాయ్‌పూర్‌లో వాళ్ళ అక్కింట్లో ఉండి చదువుకుంటోంది, దానికి నూట యాభై ఒకటి. నోటీసు కింద ఒకే మాట రాసింది, ఖతమ్ అని. నేనింకా జవాబివ్వలేదు. ఏటని ఇస్తాను. రైల్వే ఆస్పత్రిలో కళ్ళ గది బయట బల్ల మీద కూర్చుని ఉన్నాను, ఒళ్ళో నాన్న మెడికల్ ఫైలు ఉంది, నాన్న రక్తం ఇవ్వడానికీ చెవులు చూపించుకోడానికీ అటు వెళ్ళాడు, కళ్ళు ఆఖరి, పదకొండుకి పిలుస్తారు. ఇంకా గంట ఉంది.

నేను డాక్టర్ని. కాదు, డాక్టర్ని కాదు. ఆరేళ్ళు చదివాను, శవాల్ని కోసాను, ముక్కులో వెంట్రుకలు గడ్డకట్టే చలిలో బస్సు కోసం నిలబడ్డాను, వాళ్ళ భాష నేర్చుకుని ముసలమ్మల్ని ఎక్కడ నొప్పి అని అడిగాను, పట్టా చేతికిచ్చారు. కానీ బయట దేశంలో చదివిన వాళ్ళం ఇక్కడ ఈ లైసెన్సు పరీక్ష పాసైతే గానీ చీటీ మీద జ్వరం మాత్ర కూడా రాయకూడదు. మూడొందల ప్రశ్నలు, సగం వస్తే పాసు. ఆ నియమం మీద నాకేం కోపం లేదు, నిజంగా లేదు. మొదటిసారి నూట ముప్ఫై ఒకటి, సరే, నాకు రాలేదు, ఎవరినీ తిట్టలేదు. రెండోసారి నూట నలభై ఆరు, మూడు రోజులు అన్నం తినలేదు, అదీ ఒప్పుకున్నాను. మూడోసారి దాటాను. దాటాక గీత జరిపారు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడని మా అమ్మ ఊరికే అనదు. మళ్ళీ దానికో కారణం కూడా రాసారు, ప్రజల ఆరోగ్య భద్రత దృష్ట్యా అంట, ఇటీవల జరిగిన పరీక్షకు కూడా ఇది వర్తిస్తుందంట. అచ్ఛా, మరి ముప్ఫై ఎనిమిది రోజుల కిందట ప్రజలకి భద్రత అక్కర్లేకపోయిందా. నా ఆరు మార్కుల వల్ల చచ్చిపోయే ఆ ప్రజలెవరో ఒక్కణ్ణి తెచ్చి నా ముందు నిలబెట్టమను, చూస్తాను.

ఇంటికెళ్ళి అమ్మకి ఎలా చెప్పడం. అమ్మకి చెప్తే అయిపోలేదు, పై క్వార్టర్లో శాంతాదేవి ఆంటీ ఉంది. లడ్డూ కొరుకుతూనే అడిగింది ఆవిడ, అసలు రిజల్టు వచ్చిందా, మీరు లెక్కేసుకున్నదేనా అని. ఆవిడ కొడుకు ఎక్కడా పాసవ్వలేదు, అది వేరే మాట. ఇప్పుడు గీత పెంచారు ఆంటీ అంటే ఆవిడ మొహం నాకిప్పుడే కనపడుతోంది, ఆడలేక మద్దెల ఓడు అన్న సామెత నోటి దాకా వచ్చి, అనకుండా, అయ్యో పాపం అంటుంది. ఆ అయ్యో పాపం వినేకన్నా చెంపదెబ్బ తినడం నయం. లడ్డూలు తిన్న పదహారు ఇళ్ళవాళ్ళకీ నేను విడివిడిగా చెప్పాలా, నోటీసు ప్రింటు తీసి పంపు దగ్గర గోడకి అంటించాలా. చదువైపోయి నేను మా ఊరి పక్క చకర్‌భాటా ఎయిర్‌పోర్టులో విమానం దిగిన రోజున నాన్న డ్యూటీ నుంచి తిన్నగా వచ్చాడు, యూనిఫాం మీద నూనె మరకలతో, పక్కన ఓంకార్. ఓంకార్ అంటే నాన్న ఇంజిన్లో పక్క సీటు, అసిస్టెంటు, ఈ హిందీ ఊళ్ళో మన తెలుగువాడే, మా లైన్లోనే నాలుగో క్వార్టరు, పెళ్ళయింది, మూడేళ్ళ కూతురుంది. బయట గేటు దగ్గర ఎవరో టాక్సీవాడు ఎవరండీ ఆవిడ అంటే నాన్న చెప్పాడు, డాక్టర్ సౌభాగ్య అని, ఏదో స్టేషను పేరు చదివినట్టు గట్టిగా. ఇంకా కాదు నాన్నా, పరీక్షుంది అన్నాను. ఆ పరీక్షదేముంది అన్నాడు. రెండేళ్ళ ఎనిమిది నెలలైంది ఆ మాటకి.

ఆ రెండేళ్ళ ఎనిమిది నెలలూ నెహ్రూ నగర్ రీడింగ్ రూంలో ఫ్యాను కింద కుర్చీ కోసం పొద్దున్నే ఆరింటికి పరిగెత్తాను. నాతోబాటు బ్యాంకు పరీక్షల వాళ్ళు, పోలీసు పరీక్షల వాళ్ళు, ఒకడైతే ఏ పరీక్షకి చదువుతున్నాడో వాడికే తెలీదు. కాలేయం, కిడ్నీ, పాముకాటు, పురిటివాతం, అన్నీ నాలుగు జవాబుల్లో ఒకటి. గుండె ఆగిన మనిషి ముందు నిలబడితే ఎ బి సి డి అని నాలుగు ఉండవు కదా అని ఎప్పుడైనా అనిపించేది, వెంటనే పుస్తకం తిప్పేసేదాన్ని, అలాంటి ఆలోచనలకి మార్కులు లేవు. ఈ ఏడాదిలో నేను నిజంగా చూసిన పేషెంటు ఒక్కడే. మా నాన్న, త్రినాథరావు, లోకో పైలట్, యాభై ఏడేళ్ళు, ముప్ఫై మూడేళ్ళ సర్వీసు.

మొన్న చవితి ముందు, టీ గ్లాసులో పోస్తూ సగం గట్టు మీద పోసాడు. అమ్మ తిట్టింది, నాన్న నవ్వాడు, నాకు నవ్వు రాలేదు. ఎడం కన్ను మూసుకో నాన్నా అన్నాను. వరండాలో గోడకి కేలండరు వెనక్కి తిప్పి కట్టి, పెద్ద అక్షరాలూ చిన్న అక్షరాలూ స్కెచ్ పెన్నుతో రాసి, ఆరు మీటర్లు కొలిచి గేటు దగ్గర నిలబెట్టాను. ఎడం కన్ను బాగానే ఉంది. కుడి కన్ను మూడు లైన్లు చదివి ఆగిపోయింది. టార్చి వేసి చూసాను, నల్లగుడ్డు వెనకాల మసక. శుక్లం నాన్నా అన్నాను, ఆపరేషన్ చేయించుకుంటే పోద్ది. ఆయనకి పోతుందన్నది వినపడలేదు, ఆపరేషన్ అన్నది వినపడింది. కన్ను కోయించుకున్నోడికి ఇంజిన్ ఇవ్వరని డ్రైవర్లు పడుకునే రన్నింగ్ రూంలో అందరూ అంటారు, నిజమో అబద్ధమో నాన్న ఎవరినీ అడగడు, అడిగితే తన కన్ను సంగతి బయటపడుతుంది. కింద కూర్చోబెట్టీస్తారే అమ్మడూ, లాబీలో రిజిస్టరు దగ్గర కూర్చోబెట్టి, వచ్చినోడికల్లా సంతకం ఇక్కడ అని చూపించమంటారు అన్నాడు. ఆ వెంటే ఒక ఒప్పందం పెట్టాడు. నీకు లైసెన్సు వచ్చిన రోజు నేను ఇంజిన్ దిగీస్తాను, ఒట్టు, నా కన్ను మొదట చూసీది నా కూతురే, ఇంకో డాక్టరు చెయ్యి పడనివ్వను, అంతవరకూ ఎవరికీ చెప్పకు. నాకు ఏడుపొచ్చింది, గర్వమొచ్చింది, ఒప్పీసుకున్నాను. ఎన్నాళ్ళులే, రెండు నెలలు అనుకున్నాను.

రెండు నెలల్లో ఈ మెడికల్ పడింది. ఇంజిన్ నడిపేవాళ్ళకి యాభై అయిదు దాటాక ఏటేటా తప్పదు. అప్పుడు నాన్న అడిగిన రెండో మాట ఏటంటే, కళ్ళ చార్టు నేర్పు అని. అది ఇంచుమించు అన్నిచోట్లా ఒకటే, ఏ కంటి గదిలో చూసినా ఎక్కువగా పై నుంచి కింద దాకా అవే ఇంగ్లీషు అక్షరాలు, నా పుస్తకంలో ఉంది. నేర్పాను. నేనే నేర్పాను, నా చేతుల్తో. ఆయనకి అక్షరాలు వరస నిలవట్లేదని ఒక్కో అక్షరానికీ ఆయనకి తెలిసిన రైలు మాటో స్టేషను పేరో కట్టాను. ఆరో లైను, ఈకి ఇంజిన్, డీకి దాధాపారా, ఎఫ్‌కి ఫాటక్, సీకి చాంపా, జెడ్‌కి జోన్, పీకి పేండ్రా. పిండి రుబ్బుతూ అమ్మ కూడా నేర్చేసుకుంది. పదిహేను రోజుల్లో నాన్న కళ్ళు మూసుకుని చార్టంతా ఒప్పచెప్పేవాడు, నేను పురిటివాతం ఒప్పచెప్పినట్టు. చూడు, నీకంటే బాగా వొచ్చీసింది అని నవ్వేవాడు. ఒక అరగంట కిందట, ఈ నోటీసు చదివినప్పుడు, నాకు మొదట కలిగింది ఏటో చెప్పనా, సంతోషం. మంచి పని చేసాను అనుకున్నాను. మోసం చెయ్యండర్రా, అందరూ చెయ్యండి, గీతలు గీసేవాళ్ళు ఇలాంటోళ్ళయినప్పుడు గీతలకి విలువేటి, నన్ను ఆరు మార్కులకి తోసేసిన ఈ లోకంలో మా నాన్న ఒక చార్టు కంఠతా పట్టి పాసైపోతే నాకు పండగే అనుకున్నాను. గట్టిగానే అనుకున్నట్టున్నాను, పక్కన చంటిపిల్లతో కూర్చున్న ఆవిడ కొంచెం జరిగి కూర్చుంది.

అయితే ఈ కోపం కుదురుగా ఉండట్లేదు, అదీ బాధ. ఒకచోట పట్టుకుని కూర్చుందామంటే జారి ఇంకోచోటికి పోతోంది. పొద్దున్న వచ్చేటప్పుడు ఏం జరిగింది. ఏం జరగలేదు. స్కూటర్ మీద నాన్న ముందు, నేను వెనక, ఫైలు మా మధ్య. చౌక్ దగ్గర లైటు. మాకు చిన్నప్పటి నుంచీ ఒక అలవాటు. ఇంజిన్లో ప్రతి సిగ్నలుకీ ఒకరు చెయ్యి చాచి రంగు పైకి చెప్పాలి, రెండోవాళ్ళు తామూ చూసి తిప్పి చెప్పాలి, అది వాళ్ళ డ్యూటీ. నాన్న దాన్ని స్కూటర్ మీదకీ తెచ్చాడు. నాకు అయిదేళ్ళప్పటి నుంచీ, ఆయన ముందు గ్రీన్ అనాలి, నేను వెనక నుంచి తొంగి చూసి గ్రీన్ అనాలి, అనకపోతే బండి కదలదు, వెనకవాళ్ళు హారన్లు కొట్టి తిట్టినా కదలదు. ఇవాళ చౌక్ దగ్గర నేను గ్రీన్ అన్నాను, ఆయన గ్రీన్ అన్నాడు, వెళ్ళాం. సిర్గిట్టి మలుపు దగ్గర నేను రెడ్ అన్నాను, ఆయన రెడ్ అని బ్రేకు వేసాడు. ఎప్పట్నుంచి నేను ముందు చెప్తున్నాను. ఇక్కడ ఈ బల్ల మీద కూర్చుని వేళ్ళ మీద లెక్కపెట్టాను, చవితి నుంచి, కాదు, ఇంకా ముందు, ఎండాకాలం నుంచి. లైటు దగ్గర నాన్న ఆగుతాడు, నేను చెప్పీదాకా ఏమీ అనడు. నేనేమనుకున్నానో తెలుసా, పెద్దదాన్నయ్యాను కదా, డాక్టర్నైపోయాను కదా, ముందు మాట నాకిచ్చాడనుకున్నాను. మురిసిపోయాను కూడా. సిగ్గులేనిదాన్ని, చార్టు కట్టి కన్ను పరీక్ష చేసిన దాన్ని, కళ్ళెదురుగా ఉన్నది చూడలేదు.

మరి ఇంజిన్లో ఎవరు ముందు చెప్తున్నారు. ఓంకార్. ఇంకెవరున్నారు అక్కడ. మొన్న వాళ్ళిద్దరూ డ్యూటీ దిగి మా ఇంట్లో ఉప్మా తింటూండగా ఓంకార్ అన్నాడు, మామా, నువ్వు ఊరికే కూర్చో, నేను చూస్తాను కదా అని. మర్యాదకన్నాడనుకున్నాను. వాడికి తెలుసు. వాడు మా నాన్న పరువు కాపాడుతున్నాడు, నాలుగు వేల టన్నుల బొగ్గు వెనకేసుకుని, ఒక్క జత కళ్ళతో. ఇద్దరు చూస్తేనే అది సిగ్నలు అని నాకు నేర్పింది నాన్నే. పొగమంచు రోజున వాడు ఒక్క క్షణం కునికితే, ఒక్క తుమ్ము తుమ్మితే. ఆ రైలుకి ఎదురుగా ఇంకో రైలుంటుంది, అందులో ఎవరుంటారో, నేను ఒక్కణ్ణి తెచ్చి చూపించమన్నాను కదా ఇందాక. ఓంకార్ కూతురు మా గేటు పట్టుకుని ఊగుతుంది రోజూ, నన్ను డాక్టరత్తా అంటుంది.

అలాగని నోటీసు రాసినవాళ్ళని క్షమించీసాననుకుంటున్నారేమో, లేదు. ఇది వేరు, అది వేరు. నాన్న గీత ముప్ఫై మూడేళ్ళుగా అక్కడే ఉంది, ఎవడూ జరపలేదు, ఆయనకి ఎక్కడుందో తెలుసు, కన్ను దాన్ని చేరట్లేదు. నా గీత నేను చేరాక జరిగింది. ఈ రెండూ ఒకటే అని నేను పొద్దున్నంతా నాకు చెప్పుకున్నాను, ఒకటి కాదు. నిజం చెప్పాలంటే వాళ్ళ మీద కోపం ఇప్పుడు ఇంకా ఎక్కువైంది. లైసెన్సు వచ్చిన రోజున దిగుతానన్నాడు ఆయన, వాళ్ళు ఆ రోజుని మళ్ళీ పరీక్ష పెట్టేదాకా, ఆర్నెల్లు వెనక్కి నెట్టారు, ఆ ఆర్నెల్లూ ఈయన ఆ ఇంజిన్లో ఉంటాడు, దీనికి వాళ్ళు పెట్టిన పేరు ప్రజల భద్రత. నవ్వాలో ఏడవాలో తెలీట్లేదు. ఒప్పుకున్నది నేను, నేర్పింది నేను, ఆ సంగతి ఏ పరీక్ష బోర్డు మీదకీ తోయను. ఫైలు అంచు నలిపి నలిపి మెత్తగా చేసాను.

నాన్న వచ్చాడు. మోచేతి మడతలో దూది నొక్కుకుని, పెళ్ళికి వెళ్తున్నవాడి మొహంతో వచ్చాడు. "చెవులు బ్రెమ్మాండం అంట అమ్మడూ. చక్కెర కూడా లేదంట. ఇంక కళ్ళే." నా మొహం చూసి, "అలాగున్నావేటి, టీ తాగలేదా" అన్నాడు. ఏం లేదు నాన్నా అన్నాను. ఏం లేదు అనే మాట ఎంత సులువుగా వస్తుందో నా నోటికి. అటెండరు తలుపు తీసి పేరు పిలిచాడు. నాన్న నా చేతిలోంచి ఫైలు తీసుకుని, చొక్కా సర్దుకుని, పెదాలు కదుపుతూ లోపలికి వెళ్ళాడు. ఇంజిన్, దాధాపారా, ఫాటక్. తలుపు దగ్గరగా పడింది. ఇప్పుడు నేను ఊరికే కూర్చుంటే చాలు. కూర్చోడం కంటే తేలికైన పని లేదు, పది నిమిషాలు, ఆయన నవ్వుతూ బయటికొస్తాడు, దారిలో అమ్మకి జిలేబీ కొంటాడు, నా సంగతి నేను రేపు చెప్పుకోవచ్చు, ఎల్లుండి చెప్పుకోవచ్చు. ఎప్పుడు లేచానో తెలీదు, తలుపు మీద నా చెయ్యుంది.

లోపల నాన్న స్టూలు మీద కూర్చుని అరచేత్తో ఎడం కన్ను మూసుకుని ఉన్నాడు. ఎదురుగా చార్టు వెనక లైటు వెలుగుతోంది. డాక్టరమ్మ చేతిలో స్కేలు నాలుగో లైను దగ్గరుంది. మేడమ్, ఒక్క నిమిషం, ఆయన చదివేముందు నేనొక మాట చెప్పాలి అన్నాను హిందీలో.

"ఆప్ కౌన్? డాక్టర్ హైఁ క్యా?" అంది ఆవిడ, స్కేలు దించకుండానే.

"కాదు మేడమ్," అన్నాను. "ఆరు మార్కులు తక్కువ."

ఎందుకలా అన్నానో. ఆవిడకి అర్థం కాలేదు. నాన్నకైంది. స్టూలు మీదే గిర్రున తిరిగాడు, మంచి కన్ను ఇంకా అరచేతి కిందే ఉంది, ఆ మసక కంటితోనే నన్ను వెతికాడు.

"ఏటే? నూట యాభై నాలుగొచ్చాయన్నావు కదా."

"గీత పెంచీసారు నాన్నా. నూట అరవై చేసారు. ఇవాళే."

"పరీక్ష రాసీసాకా?"

"ఆఁ."

నాన్న లేచి నిలబడ్డాడు. దొంగ నా కొడుకులు అన్నాడు, ఆస్పత్రిలో, ఆడమనిషి ముందు, ఎప్పుడూ మాట తూలనివాడు. ఆవిడ వైపు తిరిగి వచ్చీరాని హిందీలో మొదలెట్టాడు, మేడమ్, ఎక్కడైనా ఇలాగుంటుందా, పిల్ల పాసైపోయింది, పాసైపోయిన పిల్లని, అంటూ చెయ్యి చాచి నన్ను చూపించాడు. బైఠియే, త్రినాథరావ్ జీ, బైఠియే అంది ఆవిడ. కూర్చున్నాడు. మళ్ళీ ఎడం కంటి మీద చెయ్యి పెట్టుకుని, ఈసారి తెలుగులో, మెల్లిగా, నాతో అన్నాడు.

"పోనీలే. ఇంకో ఆర్నెల్లే కదా. నేను లాగిస్తాను. నువ్వు మళ్ళీ రాయి. ఇప్పుడు బయటికెళ్ళి కూర్చో, నేను చదివీసి వొచ్చీస్తాను."

ఆయన నా కోసం అంటున్నాడు. అదే నా వల్ల కాలేదు. అరవాలనిపించింది, కాళ్ళు పట్టుకోవాలనిపించింది, గొంతులోంచి వచ్చింది మాత్రం చాలా మామూలుగా వచ్చింది.

"ఇంజిన్లో సిగ్నలు ముందు ఎవరు చెప్తున్నారు నాన్నా? నువ్వా, ఓంకారా?"

క్యా బాత్ హై అంది డాక్టరమ్మ, ఆయన్నీ నన్నూ మార్చి మార్చి చూస్తూ. నాన్న చార్టు వైపు తిరిగాడు. కంటి మీది చెయ్యి తీసి, దాంతోనే మొహం తుడుచుకున్నాడు.

"చార్టు మార్చండి మేడమ్," అన్నాడు. "ఇది నాకు నోటికొచ్చు. మా అమ్మాయి నేర్పింది."